పిల్లలు బాగున్నారని ఎలా తెలుస్తుంది?

(హైస్కూల్, జూనియర్ కాలేజీ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన సభలో ఒక మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. మొహమాటం వద్దు.

ముందు టీచర్లను ఒక మాట అడుగుతాను. మీ బడిలో ఎన్ని రిజిస్టర్లుంటాయి? హాజరు పట్టీ ఉంటుంది, మార్కుల రిజిస్టర్ ఉంటుంది, మధ్యాహ్న భోజనం లెక్క ఉంటుంది. సిగరెట్ తాగుతూ దొరికినవాడు, గోడ దూకి సినిమాకి పోయినవాడు, ఇద్దరిని వెనక ఎక్కించుకుని బండి నడిపినవాడు, వీళ్ల పేర్లు కూడా ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు. సరే. మరి మీ తొమ్మిదో తరగతిలో ఈ నెల ఎంతమంది పిల్లలు బాగున్నారు? జ్వరాల సంగతి అడగడం లేదు. పొద్దున లేచాక ఈ రోజు మీద ఆసక్తి, నేనంటే నలుగురికీ కావాలన్న నమ్మకం, రేపటి మీద ఆశ, ఇవి ఉన్న పిల్లలు ఎంతమంది? ఇది ఏ రిజిస్టర్‌లో ఉంది?

ఎక్కడా లేదు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే. దాన్ని కొలవొచ్చా? కొలిస్తే, మనం భయపడే ఆ సిగరెట్‌కి, ఆ బండికి, ఆ గంజాయికి దానితో ఏమైనా సంబంధం ఉందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే చెప్పింది, ఆరోగ్యమంటే రోగం లేకపోవడం ఒక్కటే కాదు, ఒళ్లూ, మనసూ, నలుగురితో బతుకూ మూడూ బాగుండాలి అని. మాట బాగుంది. కానీ కొలవడం దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా రోగాన్నే కొలిచారు. అది తేలిక కదా. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, దిగులుగా ఉంటోందా, ఇలా లక్షణాలు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. 1958లో మేరీ జహోడా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న మనసు ఎలా ఉంటుందో ఆరు కొలబద్దలు పెట్టి ఒక పుస్తకమే రాశారు. దాన్ని ప్రశ్నలుగా మార్చి, జనంలోకి తీసుకెళ్లి, లెక్కలు తీయడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మన దేశం సంగతి చూడండి. 2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. చాలా ముఖ్యమైన లెక్క అది, దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే మిగిలిన 92.7 శాతం మంది బాగున్నట్టేనా? ఆలోచించండి. మీ క్లాసులో ఏ జబ్బూ లేని పిల్లలందరూ బాగున్నట్టేనా? థర్మామీటర్ పెడితే జ్వరం లేదని తెలుస్తుంది. పిల్లవాడు ఎదుగుతున్నాడో లేదో థర్మామీటర్ చెప్పదు.

ఈ రెండోదాన్ని కొలవాలని గట్టిగా పట్టుకున్నవాళ్లలో కోరీ కీస్ ఒకరు. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త. 2002లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. 1995లో మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగిన సర్వే అది, 25 నుంచి 74 ఏళ్ల వాళ్లు. అందులో మనసు నిండుగా ఉన్నవాళ్లు 17 శాతం. అంతే. 12 శాతం మంది డిప్రెషన్ అనేంత జబ్బు లేకుండానే డీలాపడి ఉన్నారు. జబ్బు లేదు, జీవమూ లేదు. ఆసుపత్రికి వెళ్లరు, ఎవరికీ చెప్పరు, చెప్పడానికి వాళ్ల దగ్గర ఫిర్యాదు కూడా ఉండదు. ఎలా ఉన్నావురా అంటే, ఆ, ఏదో ఉన్నాను అంటారు. ఈ డీలాపడ్డ వాళ్లలో డిప్రెషన్ వచ్చే అవకాశం, నిండుగా ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు ఎక్కువని ఆ లెక్కల్లో కనిపించింది.

ఇప్పుడు ఆ ప్రశ్నలు ఏమిటో చూద్దాం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళతాను, మీ పనికి వచ్చేది ఇదే. పెన్నులున్నవాళ్లు రాసుకోండి.

కీస్ తయారుచేసిన పొట్టి ప్రశ్నావళిలో 14 అంశాలు. గడిచిన నెల రోజుల్లో నీకు ఇలా ఎన్నిసార్లు అనిపించింది అని అడుగుతారు. జవాబులు ఆరు రకాలు. ఒక్కసారీ లేదు, ఒకటి రెండు సార్లు, వారానికోసారి, వారానికి రెండు మూడు సార్లు, దాదాపు రోజూ, రోజూ. మొదటి మూడూ సంతోషానికి సంబంధించినవి. ఆనందంగా అనిపించిందా, జీవితం మీద ఆసక్తి ఉందా, తృప్తిగా ఉందా. చివరి ఆరూ తన గురించి తనకున్న భావన. నా స్వభావం నాకు నచ్చుతోందా, రోజువారీ బాధ్యతలు చూసుకోగలుగుతున్నానా, నమ్మకంగా దగ్గరైనవాళ్లు ఉన్నారా, నన్ను ఎదగనిచ్చే అనుభవాలు ఎదురవుతున్నాయా, నా మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నానా, నా బతుక్కి ఒక దారి, ఒక అర్థం కనిపిస్తోందా.

మధ్యలో ఐదు ప్రశ్నలున్నాయి. నన్నడిగితే మనకు ముఖ్యమైనవి ఇవే. నా వల్ల సమాజానికి ఏదైనా ఉపయోగం ఉందా? నేను ఫలానా చోటివాడిని, ఫలానా గుంపులో ఒకడిని అనిపిస్తోందా? మనుషులు మూలంలో మంచివాళ్లే అనిపిస్తోందా? లోకం నడిచే తీరు నాకు అర్థమవుతోందా? అది బాగుపడుతోందా? చూశారా, పిల్లాడి తలలో ఏముందని మాత్రమే అడగడం లేదు. పిల్లాడికీ ఊరికీ మధ్య ఏముందని అడుగుతున్నారు.

లెక్క కట్టే పద్ధతిలో కూడా ఒక విశేషం ఉంది. మొత్తం కూడేసి 70కి ఇన్ని అని చెప్పొచ్చు. కానీ నిండుగా ఉన్నారు అనాలంటే ఒక నియమం పెట్టారు. సంతోషం మూడు ప్రశ్నల్లో కనీసం ఒకటి, మిగతా 11లో కనీసం ఆరు రోజూ గానీ దాదాపు రోజూ గానీ ఉండాలి. అంటే ఎప్పుడూ నవ్వుతూ తుళ్లుతూ ఉన్నంత మాత్రాన సరిపోదు. నలుగురిలో చోటుండాలి, చేసే పనికి అర్థముండాలి. డీలాపడ్డారు అనడానికి ఇదే నియమం తిరగేసి, ఆ జవాబులు ఒక్కసారీ లేదు లేదా ఒకటి రెండు సార్లు అయి ఉండాలి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. స్కాట్లండ్ వాళ్ల పూనికతో వార్విక్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల వాళ్లు ఒక కొలమానం చేసి 2007లో ప్రచురించారు. అందులోనూ 14 వాక్యాలే, అన్నీ మంచివైపే ఉంటాయి. ఏడు వాక్యాల చిన్న రూపమూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థది ఐదే ప్రశ్నలు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఏది వాడాలన్నది బడిని బట్టి చూసుకోవచ్చు.

ఈ ప్రశ్నలు నిజంగా కొత్త సంగతి ఏమైనా చెబుతాయా, లేక జబ్బు ప్రశ్నల్నే తిరగేసి అడుగుతున్నామా? మంచి సందేహం ఇది, ఎవరికైనా రావాలి. 2008లో షానన్ సల్డో, ఎమిలీ షాఫర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 349 మంది మిడిల్ స్కూల్ పిల్లలకు రెండూ కొలిచారు. జబ్బు లక్షణాలు వేరుగా, బాగుండటం వేరుగా. రెండూ ఒకటే అయితే పిల్లలు రెండు గుంపులుగా విడిపోవాలి. నాలుగు గుంపులయ్యారు. 57 శాతం మందికి లక్షణాలు లేవు, బాగున్నారు. 17 శాతం మందికి లక్షణాలున్నాయి, బాగాలేరు. ఇంకో 13 శాతం మందికి లక్షణాలున్నా జీవితం బాగానే ఉందంటున్నారు. మిగిలిన 13 శాతం మందికి లక్షణాలు లేవు, కానీ బాగాలేరు.

ఈ ఆఖరి 13 శాతం గురించే నా బాధంతా. 45 మంది ఉన్న తరగతిలో అదే పాళ్లు వేసుకుంటే ఐదారుగురు. మన దగ్గర ఇంతే ఉంటారని అనడం లేదు, మన లెక్క మనం తీయాలి. కానీ ఆ పిల్లలు ఎలా ఉంటారో మీకు తెలుసు. గొడవ చేయరు. ఏడవరు. కౌన్సెలర్ దగ్గరికి ఎవరూ పంపరు. ఆ అధ్యయనంలో వీళ్ల హాజరు, చదివే నైపుణ్యం, తోటి పిల్లల నుంచి, తల్లిదండ్రుల నుంచి అందే తోడు, బాగున్న పిల్లల కంటే తక్కువగా ఉన్నాయి. జబ్బు కోసం వెతికే ఏ ఫారమ్‌లోనూ వీళ్లు దొరకరు.

ఇక రెండో సగం. సాహసం అనండి, తెగింపు అనండి, దుడుకు అనండి.

ముందుగా తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వయసులో తెగింపు ఉండటం లోపం కాదు. తెగింపు లేకపోతే పల్లెటూరి పిల్ల హాస్టల్‌కి వెళ్లి చదవదు, వెనక బెంచీ కుర్రాడు స్టేజి ఎక్కి మాట్లాడడు, కబడ్డీ సెలక్షన్లకి ఎవరూ పోరు. మనకు కావాల్సింది ఆ తెగింపు ఎటు పోతోందో తెలుసుకోవడం.

2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట. పసుపు లైటు పడుతుంది. ఇంకా ముందుకు పోతే పాయింట్లు పెరుగుతాయి, ఎర్ర లైటు పడేలోపు ఆగకపోతే గుద్దుకుని అన్నీ పోతాయి. 13 నుంచి 16 ఏళ్ల వాళ్లు, 18 నుంచి 22 ఏళ్ల వాళ్లు, 24 దాటిన వాళ్లు ఆడారు. కొందరు ఒంటరిగా, కొందరు స్నేహితుల ముందు. స్నేహితులుంటే చిన్నవాళ్ల తెగింపు బాగా పెరిగింది, పెద్దవాళ్లలో అంత తేడా లేదు. 2011లో జేసన్ చైన్ బృందం ఇలాంటి ఆటే మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించింది. స్నేహితులు పక్క గదిలో ఉండి తెర మీద చూస్తున్నారు, అంతే. అయినా టీనేజీ పిల్లల మెదడులో బహుమతికి స్పందించే భాగాలు ఎక్కువ చురుగ్గా పనిచేశాయి. అంటే మీ అబ్బాయి ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడే. హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో మీకంటే బాగా చెప్తాడు. నలుగురు చూస్తున్నారు అన్నప్పుడే లెక్క మారుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనర్ బండితో నేరం చేస్తే సంరక్షకుడికి 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని చట్టం ఉంది. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. తెలిసీ తాళం చెవి ఇస్తున్నాం. అది పక్కన పెడదాం.

నలుగురి చూపు అంత బలంగా పనిచేస్తుంటే, ఆ నలుగురిలో తనకు చోటు ఉందా లేదా అన్నది ఎంత ముఖ్యమో ఆలోచించండి. చోటు ఉన్న పిల్లాడు ఒకసారి "నేను రాను" అనగలడు. చోటు లేనివాడు దాన్ని సంపాదించుకోవడానికి ఏదైనా చేస్తాడు. ఇది నా అభిప్రాయం. దీనికి లెక్కలేమంటున్నాయో చూద్దాం.

కీస్ 2006లో 12 నుంచి 18 ఏళ్ల అమెరికన్ పిల్లలు 1,234 మంది జవాబులు విశ్లేషించారు. మనసు బాగుండే స్థాయి పెరిగే కొద్దీ డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. దానితో పాటు బడి ఎగ్గొట్టడం, సిగరెట్, మద్యం, గంజాయి, పోలీసులకు పట్టుబడటం, ఇవీ తగ్గాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. 12 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో నిండుగా ఉన్నవాళ్లే ఎక్కువ. 15 నుంచి 18 వచ్చేసరికి మధ్యరకంగా ఉన్నవాళ్లు ఎక్కువైపోయారు. మన బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో దేశమంతటా 3,79,842 మంది విద్యార్థులను అడిగిన సర్వేలోనూ అదే వాలు. మిడిల్ స్కూల్ నుంచి పై తరగతులకు వెళ్లే కొద్దీ సొంత జీవితం మీద, బడి మీద తృప్తి తగ్గింది. ఆందోళనకు కారణం చదువు, పరీక్షలు, ఫలితాలే అని 81 శాతం మంది చెప్పారు.

ఇక్కడ తొందరపడొద్దు. బాగుంటే తెగింపు తగ్గిందా? సిగరెట్ మొదలయ్యాక బాగుండటం తగ్గిందా? ఇంట్లో రోజూ గొడవలుంటే రెండూ దాని వల్లే వచ్చాయా? ఒకేసారి అడిగిన సర్వే దీన్ని తేల్చలేదు. ఈ మూడూ కొంత కొంత నిజమై ఉండొచ్చు. పైగా ఉత్సాహం పొంగిపొర్లినప్పుడు కూడా పిల్లలు దుడుకు పనులు చేస్తారు. మ్యాచ్ గెలిచిన రాత్రి, ఫలితాలు వచ్చిన రోజు బండ్ల వేగం మీరు చూడలేదా? కాబట్టి సంతోషంగా ఉంచండి, అంతా సర్దుకుంటుంది అని చెప్పడానికి నేను రాలేదు. బాగుండటంలో ఏ పాయ పనిచేస్తోంది అన్నదే అసలు ప్రశ్న.

దీని మీద ఈవా టెల్జర్ అనే పరిశోధకురాలి బృందం చేసిన పని నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. టీనేజీ పిల్లలను స్కానర్‌లో ఉంచి, తమకు వచ్చే డబ్బులో కొంత వదులుకుని ఇంటికి ఇచ్చే అవకాశం కల్పించారు. ఇంటికి ఇస్తున్నప్పుడు ఎవరి మెదడులో బహుమతికి స్పందించే భాగం బాగా చురుగ్గా ఉందో, ఆ తర్వాతి ఏడాదిలో వాళ్ల దుడుకు పనులు తగ్గాయి. చూడండి, ఇందాక స్నేహితులు చూస్తున్నప్పుడు చురుగ్గా పనిచేసిన భాగాలే ఇవి. ఆ ఆకలిని ఇంటికి పనికొచ్చానన్న తృప్తి కూడా తీర్చగలదన్నమాట. చిన్న అధ్యయనమే, ముప్పై మంది చిల్లర. దీనితోనే అన్నీ తేలిపోవు. కానీ ఇది కాలంతో పాటు చూసిన అధ్యయనం, అందుకే నేను పక్కన పెట్టలేను.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. పదో తరగతిలోకి రాగానే మనం పిల్లలతో ఏమంటాం? "నువ్వు చదువుకో నాన్నా, మిగతావన్నీ మేం చూసుకుంటాం." ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట వెనక ఏం జరుగుతోంది? పాలు తేవడం ఆగిపోతుంది. తమ్ముడికి లెక్కలు చెప్పడం ఆగిపోతుంది. అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడం, పొలానికి క్యారేజీ మోసుకెళ్లడం, అన్నీ ఆగిపోతాయి. చిన్నాన్న కూతురి పెళ్లికి రానవసరం లేదు, ప్రీఫైనల్స్ ఉన్నాయి. వినాయక చవితి పందిరి దగ్గరికి పోనవసరం లేదు. ఇంటర్లో చేరాక హాస్టల్ గది, స్టడీ అవర్, మళ్లీ గది. ఇందాక రాసుకున్న ఐదు ప్రశ్నలు తీసి చూడండి. నా వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా? నేను ఫలానా చోటివాడినేనా? సరిగ్గా ఈ రెండింటికీ "ఒక్కసారీ లేదు" అని జవాబిచ్చే పరిస్థితిని మనమే తెచ్చిపెడుతున్నాం. అదీ తెగింపు ఎక్కువగా ఉండే వయసులో. రెండేళ్లు వాడు ఎవరికీ అక్కర్లేదు, ర్యాంకుకి తప్ప. అలాంటివాడికి వెనక సందులో నలుగురు కుర్రాళ్లు "రా మామా" అని పిలిస్తే, ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో మీరే ఊహించండి.

అలాగని ఇంటి పనంతా ఆడపిల్లల మీద వేయమని అర్థం చేసుకోకండి. చాలా ఇళ్లలో ఇప్పటికే అదే జరుగుతోంది. పని ఉండటం వేరు, చేసినదానికి గుర్తింపు ఉండటం వేరు. కొలమానం అడిగేది రెండోదాన్ని.

మరి బడి ఏం చేయగలదు? బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో సెహెర్ అనే ప్రయోగం జరిగింది, ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. బడి వాతావరణాన్ని బాగుచేయడమే ఉద్దేశం. అసెంబ్లీలో మాట్లాడటం, గోడ పత్రిక, పిల్లలు తమ ఇబ్బందులు రాసి వేసే పెట్టె, కావాలన్నవాళ్లకి విడిగా మాట్లాడే మనిషి. కొన్ని బడుల్లో దీనికి స్థానికంగా ఒక మామూలు మనిషిని శిక్షణ ఇచ్చి పెట్టారు, కొన్నింటిలో ఉన్న టీచర్‌కే అప్పగించారు, కొన్నింటిలో ప్రభుత్వం మామూలుగా చెప్పించే జీవన నైపుణ్యాల పాఠాలు తప్ప కొత్తగా ఏమీ చేయలేదు. విడిగా మనిషిని పెట్టిన బడుల్లో వాతావరణం మెరుగైంది, దిగులు, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్‌కి అప్పగించిన చోట తేడా కనిపించలేదు. టీచర్లు నొచ్చుకోవద్దు. సిలబస్, సర్వేలు, యాప్‌లో ఫొటోలు, వీటన్నిటి మీద ఇంకొకటి పెడితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. మార్కులు వేసే మనిషికి మనసులో మాట చెప్పడం పిల్లలకూ కష్టం. అందుకే ఇక్కడున్న అధికారులకు నా విన్నపం, దీనికి విడిగా ఒక మనిషిని ఇవ్వండి.

ఆఖరుగా, రేపు మీరు ఈ ప్రశ్నలు అడగబోతే కొన్ని జాగ్రత్తలు. కాగితం మీద పేరు వద్దు, రోల్ నంబర్ వద్దు. పేరుంటే పిల్లలు మీకు నచ్చే జవాబు రాస్తారు. సిగరెట్, మద్యం ప్రశ్నలైతే మరీను. రాసిన కాగితాలు క్లాస్ టీచర్ చేతికి కాకుండా మూసిన పెట్టెలో పడాలి. లెక్క తరగతి మొత్తానికి తీయండి, ఏ బడి ఫస్ట్ అని ర్యాంకులు మాత్రం వేయకండి, వేసిన రోజే ఈ కొలమానం చచ్చిపోతుంది. గడిచిన నెల గురించి అడుగుతాం కాబట్టి పరీక్షల ముందు అడిగితే పరీక్షలనే కొలుస్తారు. సెప్టెంబర్‌లో అడగండి, తర్వాతి ఏడాదీ సెప్టెంబర్‌లోనే అడగండి. మొత్తం స్కోరుతో ఆగిపోకుండా మధ్యలోని ఐదు ప్రశ్నలు వేరుగా కూడండి. తొమ్మిదికీ ఇంటర్‌కీ మధ్య అవి ఎంత పడిపోయాయో చూడండి.

పేరు లేని కాగితంలో ఒక బిడ్డ చాలా ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తే ఎవరో కనుక్కోవాలని చేతిరాతలు పోల్చకండి. ఆ తరగతి మొత్తానికీ వెళ్లి, మాట్లాడాలంటే ఫలానా గదిలో ఫలానా టైముకి నేనుంటాను అని చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ప్రతి తరగతి గోడ మీదా రాయించండి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్నావళి నమూనా బయట బల్ల మీద పెట్టాం. ఇంటికి తీసుకెళ్లి పిల్లలకు ఇచ్చే ముందు మీరు నింపండి, ముఖ్యంగా ఆ ఐదూ. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. తల్లులు ముందు అడగండి, ఇందాకటి నుంచి వెనక వరసలో ఒకమ్మ చెయ్యెత్తి ఉన్నారు.